వంతెన దగ్గరి బోర్డు

పూయ్‌రాక్ ఊళ్లో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు తగ్గిపోయారు గాని, బోర్డును కొలిచేవాళ్లు మాత్రం తగ్గలేదు. బోర్డంటే మరేం కాదు, సెలే నది మీది వంతెన దాటగానే కనిపించే ఊరి పేరు బోర్డు. తెల్ల రేకు, చుట్టూ ఎర్ర అంచు. సైకిలు క్లబ్బులోని అరడజను ముసలాళ్లు పొద్దున్నే బయలుదేరి, లోయలూ కొండలూ చుట్టి, తిరుగుదారిలో నది పక్క చదును రోడ్డెక్కగానే ఆ బోర్డు కోసం కుర్రాళ్లలా దౌడు తీస్తారు. ముందు దాటినవాడికి కఫేలో కిటికీ పక్క కుర్చీ. మిగతావాళ్లు వాడికి పాస్టిస్ అనే సోంపు మందు పోయించి, వాడు ఎలా గెలిచాడో వాడి నోటనే వినాలి. పాస్టిస్ సంగతి ఫర్వాలేదు గాని, ఆ వినడమే అసలు శిక్ష.

ఏళ్ల తరబడి ఆ కుర్చీ బజీల్‌ది. మాంసం కొట్టు అమ్మేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ తొడలు చూస్తే సరుకు ఇంకా కొంత మిగిలే ఉందనిపిస్తుంది. కొండ ఎక్కేటప్పుడు కొండనీ, దాన్ని చేసిన దేవుణ్నీ కలిపి తిడుతూ అందరికన్నా వెనక వస్తాడు. అయినా నష్టం లేదు, ఎందుకంటే పైకి చేరినవాళ్లు ఆఖరివాడి కోసం ఆగాలన్నది క్లబ్బు మర్యాద. ఇక చదును మీదికి వచ్చాక బజీల్ ఎవరో ఒకరి వీపు చాటున గాలి తగలకుండా నక్కి, బోర్డుకు కాస్త ముందు, నది నీళ్లతో పిండి విసిరే నీటిమర గోడ రాగానే ఎడమ పక్క నుంచి విరుచుకుపడతాడు. ఆ తర్వాత ఆయన్ని పట్టుకున్నవాడు లేడు. కొట్టు పోయింది, పళ్లు పోయాయి, జున్ను డాక్టరు మాన్పించాడు. ఈ భూమ్మీద ఆయనకి మిగిలిన గొప్ప ఆ బోర్డొక్కటే.

అది సహించలేనివాడు ఆన్సెల్మ్. బజీల్ చెల్లెలి మొగుడు, పైగా ఊరి మేయరు. మనిషి ఈనెపుల్ల. ప్రతి కొండా తనే ముందెక్కి, పైన అత్తిపళ్ల బిస్కెట్లు నములుతూ అందరి కోసం ఎదురుచూసేవాడు. ప్రతి ఆదివారం బోర్డు దగ్గర రెండోవాడిగా వచ్చేవాడు.

"కొండలన్నీ నేనెక్కితే బోర్డు నీదా బావా? ఇదెక్కడి న్యాయం?" అన్నాడు ఒక ఆదివారం కఫేలో.

"అంత బాధైతే కొండ మీద బోర్డు పెట్టించుకో బావా! మేయరువి, నిన్నెవడు ఆపుతాడు?" అన్నాడు బజీల్, కిటికీ పక్క కుర్చీలో కాళ్లు చాపుకుని. అందరూ నవ్వారు. ఆన్సెల్మ్ మాత్రం నవ్వలేదు.

మరుసటి నెల మేయరు గారికి హఠాత్తుగా రోడ్డు భద్రత మీద బెంగ పట్టుకుంది. వంతెన దగ్గర ఉన్నవి నాలుగిళ్లు, అదీ ఒక ఊరేనా అన్నాడు. అసలు ఊరు కొండ మీద మొదలవుతుంది కాబట్టి బోర్డు కూడా అక్కడే ఉండాలన్నాడు. మేయరు కార్యాలయం గుమాస్తా మిరెయి ఆ ఉత్తర్వు కనుబొమ్మ కూడా ఎత్తకుండా టైపు చేసింది. ఆవిడ చాలామంది మేయర్లను చూసింది. కనుబొమ్మలు ఎత్తుతూ కూర్చుంటే పని తెమలదని ఆవిడకు తెలుసు.

బోర్డు పైకి పోయింది. మొదటి ఆదివారమే ఆన్సెల్మ్ గెలిచాడు. బజీల్ రొప్పుకుంటూ కఫే చేరేసరికి అందరి గ్లాసుల్లోనూ ఐసు కరిగిపోయింది. కిటికీ పక్క కుర్చీలోంచి మేయరు గారు రెండో మలుపు ఎలా తిరిగారో చెబుతున్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట! నువ్వు మద్దెలనే కొండెక్కించావు కదయ్యా!" అన్నాడు బజీల్.

"అంతా ప్రజల క్షేమం కోసమే బావా. కూర్చో, మూడో మలుపు నీ కోసమే ఆపాను."

ఆ రాత్రి బజీల్‌కు అన్నం సయించలేదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు గాని, ఆ ముసలాడికి నిజంగానే గుండె మండింది. భార్య ఓడెట్ సూపు గిన్నె ముందుకు తోసింది.

"రేకు ముక్క కోసం ఏంటయ్యా ఈ ఏడుపు? అవతల పక్కింటి లెయొంటీన్ ముసలమ్మ బాతులు కొన్ని లారీల కింద పడి చచ్చిపోయాయి. ఊరి బోర్డు లేదు, వేగం తగ్గించాల్సిన పన్లేదని లారీలన్నీ వంతెన దగ్గర మనింటి ముందు నుంచి రివ్వున పోతున్నాయి. ఏడిస్తే దాని గురించి ఏడు."

బజీల్ చెంచా కింద పెట్టాడు. బాతులు! రొట్టె విరిగి నేతిలో పడినట్టయింది. తన కుర్చీ కోసం ఊరు ఓటెయ్యదు గాని, బాతుల కోసం వేస్తుంది.

మార్చిలో మేయరు ఎన్నికలు. కింది ఇళ్లవాళ్లను కూడగట్టుకుని బజీల్ నిలబడ్డాడు. ఒక్కటే వాగ్దానం: బోర్డు కిందికి రావాలి. ఒక చచ్చిన బాతు ఫోటో ఇంటింటికీ పంచాడు. ఆ బాతుల్లో రెండింటిని పోయిన క్రిస్మస్‌కు తనే వండుకు తిన్న సంగతి ఆ కాగితంలో వేయలేదు. సభలో మాట్లాడుతూ కంటతడి కూడా పెట్టాడు. ఆ కన్నీళ్లు మాత్రం నిజమైనవే, కాకపోతే అవి బాతుల కోసం కాదు.

గెలిచాడు. ఆన్సెల్మ్ ఏడుస్తాడని ఊరంతా చూస్తే, ఆయన కార్యాలయం తాళాలు తెచ్చి, ఏడ్చే పిల్లను తల్లి చేతిలో పెట్టినంత హాయిగా బజీల్ చేతిలో పెట్టాడు.

"అన్నీ నీవే బావా. ఆదివారాలతో సహా."

ఆ మాట బజీల్‌కు అప్పుడు ఎక్కలేదు. ఎక్కాక కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. ఒక ఆదివారం యుద్ధంలో పోయినవాళ్ల స్తంభానికి పూలదండ. ఒక ఆదివారం వేటగాళ్ల విందు. ఇంకో ఆదివారం నూరేళ్లు నిండిన అవ్వకు కేకు. అవ్వ ఆయన్ని పోస్టుమాస్టరనుకుని, ఉత్తరాలు ఆలస్యంగా ఇస్తున్నాడని చెడామడా తిట్టింది. ఖాళీగా ఉన్న ఒక్క ఆదివారం మురుగు గొట్టం పగిలింది. సైకిలు కొట్టంలో కోళ్లకు దండెమైంది. క్లబ్బువాళ్లు కిటికీ కింద నుంచి వెళుతూ, "మేయరు గారూ, నమస్కారం!" అని అరిచేవాళ్లు. బజీల్ సంతకాలు పెడుతూ చెయ్యి ఊపేవాడు.

ఎట్టకేలకు అనుమతులన్నీ వచ్చాయి. వంతెన దగ్గర బోర్డు మళ్లీ నిలబెట్టే రోజు ఆదివారం అయింది, పై అధికారిణికి ఆ రోజే వీలుపడింది. బజీల్ తనకు తెలిసిన యుక్తి పన్నాడు. కోటు కింద క్లబ్బు చొక్కా, ప్యాంటు కింద సైకిలు నిక్కరు, ఛాతీ మీద మేయర్లు వేసుకునే మూడు రంగుల పట్టీ. సైకిలు నీటిమర గోడ వెనక దాచాడు. రోడ్డుకు అడ్డంగా కట్టిన రిబ్బను కత్తిరించేసి, క్లబ్బువాళ్లు వచ్చేలోపు దౌడులో కలవాలని ఆలోచన.

కాని అధికారిణి ఉపన్యాసం మొదలుపెట్టింది. రోమనుల కాలం నాటి రోడ్లతో మొదలుపెట్టి మెల్లగా ముందుకు వస్తోంది. ఆవిడ ఇంకా రాజుల కాలంలో ఉండగానే బజీల్‌కు వంతెన అవతల నుంచి సైకిలు గొలుసుల చప్పుడు వినిపించింది. చేతిలో కత్తెర, ఒంటి మీద పట్టీ, పక్కన జనం. కదలడానికి లేదు.

ముసలాళ్లు వచ్చారు. ముందు ఆన్సెల్మ్ కాదు. ఆన్సెల్మ్ ఇంకొకడి వీపు చాటున గాలి తగలకుండా నక్కి ఉన్నాడు. మేయరు పదవి పోయినప్పటి నుంచి వారమంతా నది పక్కన తొక్కుతున్నాడు, మనిషికి తొడలు కూడా వచ్చాయి. 

"వద్దు," అన్నాడు బజీల్ పైకే. "వాణ్ని గోడ దాకా తేవద్దురా."

నీటిమర గోడ రాగానే ఆన్సెల్మ్ ఎడమ పక్క నుంచి విరుచుకుపడ్డాడు. రిబ్బను తెగింది. కత్తెరతో కాదు, ఆన్సెల్మ్ ఛాతీతో. జనం చప్పట్లు కొట్టారు. అది కార్యక్రమంలో భాగమనుకుని అధికారిణి అందరికన్నా గట్టిగా కొట్టింది.

ఆన్సెల్మ్ వగరుస్తూ వెనక్కి తిరిగి వచ్చాడు. మెడలో రిబ్బను ముక్క వేలాడుతోంది.

"బోర్డు కిందికి తెచ్చి మంచి పని చేశావు బావా! కొండ మీద ఎంత గెలిచినా ఈ మజా లేదు. కఫేకి రా, గోడ దగ్గర ఏం చేశానో చెబుతా."

"నాకు చెబుతావా? గోడ దగ్గర ఏం చెయ్యాలో నాకు చెబుతావా?"

"నీకు వేటగాళ్ల మీటింగుంది కదూ. పోనీలే, వచ్చే ఆదివారం చెబుతా." ఆన్సెల్మ్ సైకిలెక్కి, మిగతావాళ్లను వెంటేసుకుని, కిటికీ పక్క కుర్చీ వైపు వెళ్లిపోయాడు.

లెయొంటీన్ ముసలమ్మ కళ్లొత్తుకుంటూ వచ్చి బజీల్ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చల్లగా ఉండాలి నాయనా! మిగిలిన నా బాతులు బతికిపోతాయి. నీలాంటి మేయరు ఇంకో పాతికేళ్లు ఉండాలి."

పాతికేళ్లన్న మాటకు ప్యాంటు కింద నిక్కరు మరింత బిగిసినట్టయింది. బజీల్ ముసలమ్మ చేతులు మెల్లగా విడిపించుకుని, మిరెయిని పక్కకు పిలిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"మిరెయి, ఈ బోర్డు... ఇక్కడుంటే రోడ్డు భద్రతకు అంత మంచిది కాదేమో?"

మిరెయి కనుబొమ్మ ఎత్తలేదు.

"పాత మేయరు గారి ఉత్తర్వు దాచే ఉంచానండీ. పేరు మారిస్తే సరిపోతుంది."