మంగ్లు సెల్లుకు పేరు పెట్టిన రోజు

నేను అబద్ధాలకోరునని డుంబ్రిగుడ చుట్టుపక్కల పదూళ్లకూ తెలుసు. పులి నా దగ్గర పొగాకు అడిగి పుచ్చుకుందని చెప్పినవాణ్ణి నేనే. అందుకని ఇదీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నాకే మంచిది.

రెండువేల ఎనిమిదిలో, కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో, మా తమ్ముడు మంగ్లు కామెర్లతో పోయాడు. మా వాళ్లలో పోయినవాడి వస్తువులు ఇంట్లో ఉంచరు. గొడుగు, కత్తి, వాటితో పాటు వాడి సెల్లూ తీసుకెళ్లి వాడి పేర పాతిన రాయి దగ్గర పెట్టాం. అది అప్పటికే సగం చచ్చింది. రెండు మాటలు మాట్లాడేసరికి బిగుసుకుపోయి, దానంతటదే ఆరి వెలిగేది. ఆర్పేసే పెట్టాం.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి రాళ్ల వైపు నుంచి అది మోగింది. మంచులో, మనిషి లేనిచోట, ఆర్పేసిన సెల్లు. ఆ మర్నాడూ అయిదుకే. మంగ్లు లేచి తోటకు బయల్దేరే వేళ అది. ఊరంతా ఆ దారి మానేసింది. నేనొక్కణ్ణే వెళ్లి చూశానని చెబుతుంటాను. నిజానికి దుప్పటి ముసుగు తీయలేదు.

పదో రోజున మంగ్లు పెళ్లాం రత్న వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"బావా, ఆ సెల్లు నాకు కావాల."

"రాయికిచ్చింది తెత్తే ఎనకాలే ఆడూ వత్తాడు. తెలీదేటి?"

"పాడేరు హాస్టల్లోంచి మా పిల్ల సిట్టి ఆ నెంబరుకే సేత్తాది. ఊర్లో ఇంకో సెల్లు నేదు. పోయిన ఆదివారం అది ఆర్పేసే ఉన్నాది. ఈ ఆదివారమూ ఎత్తకపోతే, అమ్మ కూడా పోనాదనుకోదా గుంట?"

నా దగ్గర వంద అబద్ధాలున్నాయి. వాటిని పక్కనబెట్టి లేచాను.

మా మంచిచెడ్డలు చూసే దిసారిని అడిగాను. "సచ్చినోడిది ఇంట్లోకి రాకూడదు. కొత్తగా పుట్టింది రావచ్చు" అన్నాడు.

"సెల్లు ఎలాగ పుడతాది?"

"సంతకెళ్లి అడుగు" అని నవ్వాడు.

నడిపొద్దున రాయి దగ్గరకు వెళ్లి, మొహం పక్కకు తిప్పుకుని సెల్లు తీసుకున్నాను. సంతలో సెల్లులు బాగుచేసే సింహాచలం దాన్ని విప్పి చూశాడు.

"ఆర్పేసినా అలారం మోగుతాది తాతా. ఈ సెట్ల గుణమే అంత. దెయ్యం నేదు, ఏటీ నేదు."

"మరి బిగుసుకుపోతన్నాదే?"

"సెట్టు బంగారం. లోపల సాఫ్ట్‌వేరే ముసిలిదైపోనాది, నీలాగ. కంపెనీవోళ్లు కొత్తది ఇడిసినారు. అదెక్కించేత్తే ఇంకో నాలుగేళ్లు పని సేత్తాది."

"లోపల మావోడు పెట్టుకున్నవి?"

"నెంబర్లు, అలారం, అన్నీ పోతాయి. ఇప్పుడే పుట్టినట్టుంటాది."

ఆ మాట చాలు నాకు. కంప్యూటర్‌కు తీగ తగిలించాడు. "కదపకు తాతా. మధ్యలో ఆగితే మరి లెగదు" అన్నాడు. ఊపిరి బిగబట్టాను. సెల్లు తెల్లగా వెలిగి, ఇవాళ తారీకు ఎంత, టైమెంత అని అడిగింది. పసిదానికి ఏం తెలుస్తుంది?

ఊరికి తెచ్చి చూపిస్తే, "పుడితే పేరు పెట్టాల" అన్నాడు దిసారి. మా దగ్గర బిడ్డ పుడితే, పోయినవాళ్ల పేర్లు చెబుతూ నీళ్ల గిన్నెలో ఒక్కో వడ్లగింజ వేస్తాం. ఎవరి పేరుకు గింజ తేలితే వాళ్లే తిరిగొచ్చినట్టు. తిరిగొచ్చినవాళ్లను మళ్లీ రాయి దగ్గరకు పంపరు, ఇంట్లో పెట్టుకుంటారు.

ఇంటికి పెద్దను గనుక గింజలు వేయడం నా పని. గట్టి గింజ మునుగుతుంది, తాలుగింజ తేలుతుంది. వరి పండించే ఎవడికైనా తెలిసిందే. చిటికెనవేలి సందున ఒక తాలుగింజ దాచుకున్నాను.

తాత పేరు చెప్పాను. మునిగింది. అయ్య పేరు. మునిగింది. రత్న గిన్నెను చూడడం లేదు, నా మొహం చూస్తోంది. "మంగ్లు" అని వేశాను. గింజ తేలింది. ఒక చుట్టు తిరిగి, సెల్లు ఉన్న వైపు అంచుకు చేరి ఆగింది.

"ఇంట్లో పెట్టుకో" అన్నాడు దిసారి.

ఆదివారం అది మోగింది. రత్న రెండు చేతులా పట్టుకుని ఎత్తింది.

"నేనేనే, అమ్మని. ఏటి తిన్నావు? పెదనాయనా? అబద్ధాలు సెప్పుకుంటా బాగానే ఉన్నాడు."

చాలాసేపు మాట్లాడుకున్నారు. సెల్లు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మళ్లీ మోగింది. రత్నకు అలారం పెట్టడం రాదు. నాకూ రాదు. సింహాచలాన్ని అడిగితే, "కొత్త దాంట్లో అలాగే వత్తాదేమో తాతా" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. అబద్ధమాడేవాడి చూపు నాకు తెలియనిదా?

అదీ పోనీయండి. పేరు పెట్టిన రోజున ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కోబోతూ వేళ్లు విప్పాను. తాలుగింజ చిటికెనవేలి సందునే ఉంది.

దాన్ని పొగాకు డబ్బాలో దాచాను. రత్నకు చెప్పలేదు. అయిదింటికి సెల్లు మోగగానే "లెగిసినాను" అని దానికి జవాబిచ్చి, బుట్ట పట్టుకుని తోటకు వెళ్తుంది. పక్కింట్లో నేనూ దుప్పటి ముసుగు తీసి, "లెగిసినాన్రా తమ్ముడా" అంటున్నాను.