తెడ్డుమూతి కొంగకు వదిలిన పేజీ

పోస్టుమాస్టరు గారికి ఈమధ్య చూపు మందగించింది. గీతల మీద రాయలేకపోతున్నారు. అందుకే ఈసారి పిట్టల పుస్తకం నా చేతికి వచ్చింది.

రిటైరైన దగ్గర్నుంచి ఆయన ప్రతి వసంతంలోనూ లైబ్రరీకి వచ్చేవాళ్ళను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్తారు. చూసిన ప్రతి పిట్టనూ ఆ పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఇద్దరి కళ్ళకు కనబడితేనే రాయాలి. ఆ నియమం పెట్టిందీ ఆయనే. నేను ఆ లైబ్రరీలోనే అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్దాను. మా ఆయన పోయాక సాయంత్రాలు గడవక అక్కడికి వెళ్ళాను. అంతకుముందు నలభై ఏళ్ళు కుట్టుమిషనే లోకం. ఎవరో ఏదో రాస్తే దాని కింద వేలిముద్ర వెయ్యడమే తప్ప, కాగితంతో నాకు వేరే పని పడలేదు.

ఈసారి బస్సెక్కింది ముగ్గురమే. మూడో మనిషి నా ఆడపడుచు. నన్ను ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరింది.

"నా పెళ్ళికి కూడా ఇంత పొద్దున్నే లేవలేదు వదినా. కొంగల కోసం లేపావు!" అంది ఇసుకలో దిగగానే.

"మెల్లగా అమ్మా, పిట్టలకు చెవులుంటాయి," అన్నారు పోస్టుమాస్టరు గారు.

"ఉంటే మంచిదేగా బాబాయి గారూ. చుట్టాలొచ్చారని తెలుస్తుంది."

ఎండ ఇంకా ముదరలేదు. పాయలో నీళ్ళు తీసిపోయి బురద నున్నగా మెరుస్తోంది. తొమ్మిదయ్యేసరికి నీటికాకులు, ఉల్లంకులు, ఒక లకుముకి, మామూలు కొంగలు ఏడు రాశాను. ఒక్కో పేరు రాయడానికి దాన్ని వెతికినంత సేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

ఆయన మనసంతా తెడ్డుమూతి కొంగ మీదే ఉంది. తెల్లటి కొంగ, ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంటుందట. ఆరేళ్ళుగా ఈ ఒడ్డుకు రాలేదు. ప్రతి ఏడూ దానికోసం పుస్తకంలో ఒక పేజీ వదిలేస్తున్నారు. వచ్చే నెల ఆయన కంటికి ఆపరేషన్. ఆ తర్వాత ఎంత కనబడుతుందో డాక్టరు గట్టిగా చెప్పలేదు. "ఈ ఒక్కసారి చూస్తే చాలమ్మా," అన్నారు బస్సులో.

ఆడపడుచు డబ్బా తెరిచింది. ఉడికించిన గుడ్లు.

"పిట్టల ఎదురుగా గుడ్లు తింటామటే, సిగ్గులేకుండా?" అన్నాను.

"ఇవి వాటి చుట్టాలవి కాదులే. తిను."

మేమిద్దరం నవ్వుకుంటూ పెంకు ఒలుస్తున్నాం. "అదిగో!" అన్నారు ఆయన. గుడ్లు చేత్తో పట్టుకునే అటు తిరిగాం. పాయ ఖాళీగా ఉంది. అవతల పొద ఒకటి కదులుతోంది, అంతే.

"బురదలో నడిచింది. ముక్కు ఇటూ అటూ ఊపుతూ నడిచింది. ఇప్పుడే పొద చాటుగా లేచిపోయింది," అన్నారు.

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఆయనే వద్దన్నారు: "రాయకండి. ఒక్కడి మాట చెల్లదు. అందులోనూ నా కళ్ళు నేనే నమ్మలేను."

ఆడపడుచు నా చెవిలో గొణిగింది. "నేను చూశానని రాసెయ్ వదినా. ముసలాయన సంతోషిస్తాడు. ఎవరి సొమ్మేం పోయింది?"

పెన్ను తీశాను కానీ చెయ్యి ఆడలేదు. చూడనివాటి కింద జీవితమంతా వేలిముద్ర వేశాను. ఇప్పుడు నా చేత్తో నేనే ఎలా రాయను? అలాగని ఆ పేజీ ఖాళీగా ఆయనకు తిరిగి ఇవ్వనూలేను. ముక్కు ఇటూ అటూ ఊపిందన్నారు కదా. ఆ మాటే పట్టుకుని, చెప్పులు విడిచి బురదలోకి దిగాను.

మామూలు కొంగలు తిరిగిన చోట కాలిగుర్తులు, ముక్కుతో పొడిచిన చుక్కలు ఉన్నాయి. పొద దగ్గర చుక్కలు లేవు. కాలిగుర్తుల ముందు వంపులున్నాయి, ఎడమకొకటి, కుడికొకటి. జాకెట్టు చంక దగ్గర సుద్దతో గీస్తామే, అచ్చం ఆ వంపు. జానతో కొలిచి చూశాను. అన్నీ ఒకే కొలత.

"ఏమేవ్, పరుగెత్తుకు రా! నీళ్ళొస్తున్నాయి!" అని కేకేశాను.

ఆడపడుచు జారుతూ, నన్ను తిడుతూ వచ్చింది. వంగి చూసి, తిట్టడం ఆపేసింది. ఇద్దరం లెక్కపెట్టాం. చివరి వంపు దగ్గరికి వచ్చేసరికి మొదటిదాన్ని పోటు చెరిపేసింది.

ఒడ్డుకొచ్చి, వదిలేసిన పేజీ తీసి రాశాను: 'పోస్టుమాస్టరు గారు తెడ్డుమూతి కొంగను చూశారు. మేం కొంగను చూడలేదు. అప్పుడు గుడ్లు తింటున్నాం. బురదలో దాని ముక్కు గీసిన వంపులు ఇద్దరం చూశాం. పదకొండు. తర్వాత నీళ్ళొచ్చాయి.'

ఆయన పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"గుడ్ల సంగతి కూడా రాయాలా అమ్మా?"

"జరిగింది కదండీ."

ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కింద తడుముకుంటూ సంతకం చేశారు. ఆ పక్కన నేను చేశాను. ఆడపడుచు చెయ్యి కడుక్కోకుండానే చేసింది. పేజీ అంచున పచ్చసొన మరక పడింది.

మిగిలిన గుడ్డు ఆడపడుచే ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ రెండో చేత్తో పట్టుకున్న బైనాక్యులర్ దించలేదు.