లెతెన్సా అమ్మ ఎవరి బిడ్డను ఎత్తుకుంటుంది

ఫెవెన్ మా చర్చిలో అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు కడుపుమంటే. దాచుకోవడం ఎందుకు? పిల్ల బక్కగా ఉంటుంది, గొంతు పెగలనట్టు మెల్లగా మాట్లాడుతుంది, ఎవరేం పెట్టినా రెండు చేతులతో అందుకుంటుంది. అలాంటివాళ్ళంటేనే నాకు భయం.

గోథెన్‌బర్గ్‌లో దిగిన ఎరిత్రియా మనిషి ఎవరైనా ముందు వచ్చేది మా చర్చికే. భవనం స్వీడన్‌వాళ్ళది, వాళ్ళ ప్రార్థన అయ్యాక మాకు అద్దెకిస్తారు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లను సంఘంలో ఒక పెద్దావిడకు అప్పగిస్తారు. గది చూసిపెట్టేది, ట్రామ్ ఎక్కడం నేర్పేది, పని వెతికేది అంతా ఆవిడే. నన్ను లెతెన్సా అమ్మకు అప్పగించారు. అమ్మ ముఖం కూడా గుర్తులేకుండా సూడాన్ శరణార్థి శిబిరంలో పెరిగినదాన్ని నేను. ఆవిడ తన కోటు విప్పి నాకు తొడిగిన రోజే, ఈవిడ ఇక నాదే అని తీర్మానించుకున్నాను.

నా పెళ్ళి దగ్గరుండి జరిపించింది ఆవిడే. నాకు కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి రాగానే మా వంటింట్లో బాలింతకు పెట్టే గాఅత్ ముద్ద కలిపి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, నేను తినేదాకా నెత్తిమీద నిలబడింది కూడా.

"మింగవే. మొహం చూడు, ఎండు మిరపకాయలా ఎలా అయిపోయిందో" అని తిడుతూనే ఉంది.

అదే వారం ఫెవెన్‌కూ ఆడపిల్లే పుట్టింది. మొగుడు లిబియాలో చిక్కుకుపోయాడు, ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. వచ్చిన రోజునే సంఘం ఆమెనూ లెతెన్సా అమ్మకే అప్పగించింది. ఇక ఆ మురిపెం చూడాలి. చర్చిలో నన్ను "ఏమే అబ్రెహెట్, చెప్పులు దారిలో విడిచావేం" అని నలుగురిలో కసిరే మనిషి, ఫెవెన్ కనబడగానే "రా తల్లీ, ఇలా కూర్చో" అంటుంది. తల్లీ అట. నన్ను ఏనాడైనా అందా?

ఆడపిల్లకు మాలో ఎనభయ్యో రోజున జ్ఞానస్నానం. ఆ రోజు బిడ్డను ఎత్తుకునే జ్ఞానతల్లి జన్మంతా చుట్టమే. వేరే ఆలోచనే లేకుండా లెతెన్సా అమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ గింజలు వేయిస్తోంది.

"అమ్మా, నా కూతుర్ని నువ్వే ఎత్తుకోవాలి."

"నేనా? నేనెందుకు ఎత్తుకుంటానే? ఇంకెవరినైనా చూసుకో."

"ఏం, ఎందుకెత్తుకోవు?"

"ఎందుకేంటి, బుర్ర ఉందా నీకు? గింజలు మాడుతున్నాయి, ఆ కిటికీ తియ్యి."

మూడో కప్పు తాగకుండా లేచి వచ్చేశాను. కాఫీ మూడు కప్పులూ తాగకుండా లేవడం మాలో ముఖం మీద తిట్టడంతో సమానం.

ఆ ఆదివారమే ఫాదరుగారు అందరి ముందూ చెప్పారు, ఫెవెన్ కూతురికి జ్ఞానతల్లి లెతెన్సా అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి వచ్చి గిన్నెలు విసిరేస్తుంటే మా ఆయన ముసే తలుపు దగ్గర నిలబడి నవ్వాడు.

"ఆ ఫెవెన్ నీకు చెల్లెలా, సవతా?"

"నోరు ముయ్యి" అన్నాను. పంతం పట్టి ఇంకెవర్నీ అడగలేదు. ఆవిడ ఎత్తుకోని బిడ్డను ఎవరు ఎత్తుకుంటే ఏమిటి?

ఇద్దరు పిల్లలకూ ఒకే ఆదివారం. ముందురోజు చర్చి వంటగదిలో పండగ రొట్టెలకు పిండి కలుపుతున్నాం. ఫెవెన్‌కు కుర్చీ వేయించి, నాకు పిండి పళ్ళెం అప్పజెప్పి, లెతెన్సా అమ్మ నూనె కోసం బయటికి వెళ్ళింది. ఇక నావల్ల కాలేదు.

"ఇంత చర్చిలో నీకు ఇంకెవరూ దొరకలేదా? ఆవిడ నాకు అమ్మ. వచ్చి లాగేసుకున్నావు."

ఫెవెన్ తలెత్తింది. ఆ కళ్ళలో ఎప్పటి నెమ్మది లేదు.

"నేను లాక్కున్నానా? అక్కా, నేనడిగింది జ్ఞానతల్లిగా ఉండమని కాదు. నాకు అమ్మ లేదు, నా పురిటికి మీరొచ్చి గాఅత్ పెట్టండి అన్నాను. ఏమందో తెలుసా? 'అబ్రెహెట్ ఇంట్లో నా మనవరాలు పుడుతోంది, అక్కడ గాఅత్ కలిపే చేత్తో ఇంకో ఇంట కలపను. కావాలంటే నీ బిడ్డకు జ్ఞానతల్లిగా ఉంటాను' అంది."

"నా బిడ్డకీ ఉండొచ్చుగా మరి."

"మీకు నిజంగా తెలీదా? సొంత అమ్మమ్మ ఎక్కడైనా జ్ఞానతల్లిగా ఉంటుందా? రక్తం లేనిచోట చుట్టరికం కలుపుకోడానికే కదా అది. నేను బయటిదాన్ని కాబట్టి నాకు ఒప్పుకుంది."

శిబిరంలో పక్కన ఎవరుంటే వాళ్ళే బిడ్డను ఎత్తుకునేవారు. ఈ సంగతి నాకు చెప్పినవాళ్ళు లేరు.

"పురిట్లో నాకు పక్కింటి స్వీడన్ ముసలమ్మ సూప్ తెచ్చిచ్చింది. లెతెన్సా అమ్మ ఒక్కసారైనా నన్ను తిడుతుందేమోనని చూస్తున్నాను అక్కా. తిట్టదు. కూర్చో తల్లీ అంటుంది" అంది ఫెవెన్.

ఇంతలో తలుపు తోసుకుని లెతెన్సా అమ్మ వచ్చింది.

"ఏమే అబ్రెహెట్, చేతులు పడిపోయాయా? పిండి ఆరిపోతోంది. రేపు నీ కూతుర్ని ఎత్తుకోడానికి మన సంఘంలో హిరితిని రమ్మన్నాను. నువ్వు అలిగి ఎవర్నీ అడగవని నాకు తెలీదనుకున్నావా, మొద్దు మొహమా. మూడో కప్పు తాగకుండా పోతావా నా ఇంట్లోంచి?"

తర్వాత ఫెవెన్ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"నువ్వు లేవకు తల్లీ, అలిసిపోతావు."

ఫెవెన్ తల దించుకుంది. నాకు జాలి వేయలేదని అనను, కొంచెం వేసింది. కానీ "వస్తున్నానమ్మా" అన్న మాట మాత్రం ఆ చిన్న గదికి అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాను.