లాకుల దగ్గర దిగిన బొమ్మ

పొద్దున్నే ఏసీ వేసి, తలుపులన్నీ మూసుకున్నాకే దుర్గాశ్రీ క్రీము గిలక్కొట్టడం మొదలుపెడుతుంది. శ్రావణమాసంలో నిడదవోలు గాలి కేకులకు పడదు. ఆ రోజు ఆమె ముందున్నది మూడంతస్తుల కేకు. కింది అంతస్తు చుట్టూ సన్న నాజిల్‌తో ఆకుపచ్చ క్రీము ఒత్తుకుంటూ వరినాట్లు వేస్తోంది. మధ్య అంతస్తులో నీలం జెల్లీతో కాలవ, దాని మీద బిస్కెట్లతో కట్టిన లాకులు. పైన ఓ వాలుకుర్చీ. అందులో కూర్చోబెట్టడానికి చక్కెర ముద్దతో సుబ్బాయమ్మగారి బొమ్మ చేసి ఆరబెట్టింది. జరీ అంచు చీర, కళ్ళజోడు, వెనక చిన్న ముడి.

సుబ్బాయమ్మగారికి అరవై నిండుతున్నాయి. భర్త పోయాక పొలం ఎవరికీ కౌలుకివ్వకుండా తనే దమ్ము చేయించి, నాట్లు వేయించి, కూతుర్ని చదివించి, రాజమండ్రిలో పెళ్ళి చేసిన మనిషి. కేకు చెప్పింది ఆ కూతురు బేబీయే. ఈ పంట చేతికొచ్చాక పొలం కౌలుకిచ్చేసి తల్లిని తన ఫ్లాటుకి తీసుకెళ్ళిపోవాలని, ఆ సంగతి పుట్టినరోజు నాడు నలుగురిలో చెప్పాలని బేబీ ఆలోచన.

దుర్గాశ్రీ చేసే బొమ్మలు ఆరాక, ఎవరి బొమ్మ వాళ్ళ మనసున్న చోటికి నడిచి వెళుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఇంజనీరింగు చదివే ఒకబ్బాయి బొమ్మ కేకు మీది కంప్యూటరు వదిలేసి పక్కనున్న పకోడీల పళ్ళెం వైపు నడిస్తే, వాళ్ళ నాన్న మారుమాట్లాడకుండా అతన్ని వంటల కోర్సులో చేర్పించాడు.

మధ్యాహ్నం బేబీ కేకు చూసుకోడానికి వచ్చేసరికి సుబ్బాయమ్మగారి బొమ్మ కుర్చీలో లేదు. కిందికి దిగి, కాలవ గట్టు మీద, తలపాగా చుట్టుకున్న లస్కరు బొమ్మ పక్కన కూర్చుని ఉంది.

"ఈయన్నెవరు పెట్టమన్నారండి?" అంది బేబీ.

"మీరేనండి. లాకుల తలుపులెత్తే మనిషి లేకపోతే బోసిగా ఉంటుందన్నారు."

బేబీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చంద్రరావుగారని, మా ఊరి లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. రెండో పంట దాళ్వాకి నీళ్ళు చాలనప్పుడల్లా మా వంతు ఎప్పుడొస్తుందో చూసి అమ్మకి కబురు పెట్టేవారు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. అంతేనండి."

"అంతేలెండి," అంది దుర్గాశ్రీ, ఇంకో వరస నాటుతూ.

"ఓ పుల్ల గుచ్చి అమ్మని కుర్చీలోనే ఉంచెయ్యండి."

"ఎవరి బొమ్మకీ నేను పుల్ల గుచ్చనండి."

"మా అత్తగారి వైపు వాళ్ళందరూ వస్తారు. అరవయ్యేళ్ళ మనిషి. ఏమనుకుంటారో ఆలోచించండి."

"కేకు వద్దంటే మానెయ్యండి, నేనేమీ అనుకోను. పుల్ల మాత్రం గుచ్చను."

దుర్గాశ్రీ గొంతు పెంచలేదు. బేబీ తల్లి బొమ్మని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టి, లస్కరు బొమ్మని రెండు వేళ్ళతో ఎత్తి, టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. దుర్గాశ్రీ అడ్డు చెప్పలేదు. కేకు వాళ్ళది. దాని మీద ఎవరుండాలో వాళ్ళిష్టం. ఉన్నవాళ్ళు ఎటు నడుస్తారన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదని ఆమెకు తెలుసు.

సాయంత్రం ఫంక్షన్ హాలు నిండిపోయింది. వెనక వరసలో చంద్రరావుగారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో కూర్చున్నారు. కొవ్వొత్తులు వెలిగించాక బేబీ మైకు తీసుకుంది. అమ్మ ఇక కష్టపడక్కర్లేదని, పంట కాగానే తమతో వచ్చేస్తోందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలోనే బొమ్మ కుర్చీలోంచి లేచింది. కొంగు బొడ్లో దోపుకుని, కేకు అంచు పట్టుకుని కిందికి దిగింది.

"మోకాళ్ళు బానే ఉన్నాయి," అన్నారెవరో ముందు వరసలో.

బొమ్మ లాకుల దగ్గరకెళ్ళి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కూర్చోలేదు, వెనక్కీ రాలేదు. అలా నిలబడే ఉంది. కొవ్వొత్తుల వేడికి దాని నుదుటి మీద చెమట పట్టింది. జరీ అంచు కారడం మొదలైంది.

సుబ్బాయమ్మగారు చాకు పట్టుకుని బొమ్మనే చూస్తున్నారు. "ఇక్కడో మనిషుండాలి కదమ్మా," అన్నారు మెల్లగా, పక్కనే నిలబడ్డ దుర్గాశ్రీతో.

"ఉండాలండి," అంది దుర్గాశ్రీ. బేబీ వైపు చూడలేదు.

బేబీ చెయ్యి బ్యాగు జిప్పు మీదికి వెళ్ళి ఆగింది. అత్తగారి వైపు వాళ్ళు కూర్చున్న వరస వంక ఓసారి చూసింది. మళ్ళీ బొమ్మని చూసింది. ముఖం జారిపోతున్నా కాలవ వైపే చూస్తూ నిలబడ్డ తల్లి బొమ్మ. జిప్పు తీసింది. టిష్యూ విప్పి, తలపాగా ఓ పక్క విరిగిన లస్కరుని గట్టు మీద నిలబెట్టింది. అప్పుడు బొమ్మ కూర్చుంది.

చంద్రరావుగారు వెనకనుంచి నడిచి వచ్చి, బల్లకు కొంచెం ఎడంగా ఆగారు.

"బొమ్మలదేముందిలెండి, సుబ్బాయమ్మగారూ. మీరేమంటారు?"

"నేననేదేముందండి. దిగొచ్చాను కదా," అన్నారావిడ.

తర్వాత ఆవిడ పొలం వైపు నుంచి కేకు కోసి, మొదటి ముక్క బేబీ నోట్లో పెట్టారు. బేబీ దాన్ని నమలకుండా బుగ్గన పెట్టుకుంది. "కౌలుకివ్వకపోతే అంత పొలం ఎవరు చూస్తారమ్మా?" అంది. తల్లి జవాబు చెప్పేలోపే బేబీ అత్తగారు అందుకున్నారు: "నీళ్ళకి లోటుండదులేవే. ముందా ముక్క తిను."

ఆ ఏడు దాళ్వా కూడా సుబ్బాయమ్మగారే వేశారు. నాట్లు అయ్యాక, మాఘమాసంలో, కోరుకొండ కొండ మీద నరసింహస్వామి సన్నిధిలో ఆవిడా చంద్రరావుగారూ పెళ్ళి పెట్టుకున్నారు. దుర్గాశ్రీ కూడా వెళ్ళి చాప మీద ఓ పక్కగా కూర్చుంది. కన్యాదానం చెయ్యడానికి సుబ్బాయమ్మగారి వైపు పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. పురోహితుడు తలెత్తి, అమ్మాయి తరఫు వాళ్ళు పీటల మీదికి రావాలని పిలిచాడు.

బేబీ లేచి, భర్త చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది.