సామాన్ల గది తాళంచెవి

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన మూడోనాడే రిగ్గైలోని ఆ ఇంటివాళ్లు కారెక్కి సౌదీకి జారుకున్నారు. పోతూ పోతూ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తాళాల గుత్తి గంగులమ్మ చేతిలో పడేసి, "సామాన్ల గది ముట్టుకోవద్దు, వచ్చి చూసుకుంటా" అంది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. పనిమనిషికి అవన్నీ చెబుతారా ఎవరైనా!

గదినిండా బియ్యం, పప్పు, నూనె డబ్బాలు. గంగులమ్మ మాత్రం వంటింట్లో మిగిలిన ఎండురొట్టెలు నీళ్లలో నానబెట్టుకుని తింటోంది. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి! ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె నోట ఆకలి అన్న మాట రాలేదు. పెట్టిననాడు తింది, పెట్టనినాడు నీళ్లు తాగి పడుకుంది.

ఆ మధ్యాహ్నం మస్తాన్ వలి వచ్చాడు. ఇద్దరిదీ రాయచోటి పక్క ఒకే ఊరు. వలి షువైఖ్ రేవులో మూటలు మోసేవాడు. కఫీల్, అంటే వీసాకు పూచీపడి పనిలో పెట్టుకునే యజమాని, అనేవాడే లేడు, ఎక్కడ పని దొరికితే అక్కడ. "నా మెడకు పలుపు కట్టేవోడు యాడుండాడక్కా?" అని ఒకప్పుడు మహా మిడిసిపడేవాడు. ఇప్పుడు రేవు మూతబడింది. మనిషి గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"కూడు తిని రెన్నాళ్లాయ గంగులక్కా. రేపు పొద్దున జోర్డాన్‌కు బస్సు పోతాదంట. మళ్లా బస్సుంటాదో ఉండదో. పాస్‌పోర్టు తీసుకోని పోదాం పా."

పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. బీరువా చెవి గుత్తిలోనే ఉంది.

"మామా చెప్పంది నేనెట్ల తెరుస్తా? దొంగంటాది."

అతణ్ణి లోపలికి పిలిచి, రాత్రికని దాచుకున్న నానిన రొట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. వలి ఆ రొట్టె వంకా, తాళం వేసిన గది వంకా చూశాడు.

"మన చిన్నప్పుడు మీ జేజి చెప్పేది గుర్తుండాదా? పాళెగాళ్ల కాలంలో కోటలో దాసికి కూడుండె, బయటికి దోవ ల్యాకపాయ. బయట కూలోనికి అన్ని దోవలూ ఉండె, కూడు ల్యాకపాయ. మన బతుకులూ అంతే గదక్కా. కోట ఖాళీ అయినా నువ్వు రావే!"

గంగులమ్మ కదల్లేదు. భయమో అలవాటో ఆమెకే తెలియదు. ఆలోచించే ఓపిక కూడా లేదు. బతిమాలి బతిమాలి విసిగిపోయిన వలి ఉన్నట్టుండి, గేటు దగ్గర ఎన్నోసార్లు విన్న మామా గొంతుతో అరిచాడు.

"గంగులా! యల్లా, తొందరగా! బీరువా తెరువు!"

తెరిచేసింది. పాస్‌పోర్టు చేతిలోకి వచ్చాక గానీ తనేం చేసిందో తెలియలేదు. తెలియగానే సిగ్గుతో, రోషంతో ఒళ్లు మండిపోయింది.

"ఇంగోసారి ఆ గొంతుతో పిలిచినావంటే చెప్పు తెగుతాది!"

"పిలవనక్కా," అన్నాడు వలి తలొంచుకుని.

పాస్‌పోర్టు రొంటిన దోపుకుంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్లి సామాన్ల గది తాళం తీసింది. బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టింది. ఉడకగానే వలికి వడ్డించి, అలవాటు చొప్పున తలుపు వారగా నిలబడింది.

వలి ముద్ద ఎత్తి, "నువ్వూ తి..." అనబోయాడు. అదీ ఆజ్ఞలాగే వినబడుతుందేమోనని నోరు మూసుకున్నాడు.

"నాకూ ఆకలైతాంది వలీ," అంది గంగులమ్మ. "తిన్నంక ఇంగొన్ని బియ్యం పెడతా. రేపు బస్సులోకి అయితాది."

కంచం తెచ్చుకుని అతనికెదురుగా కూర్చుంది. ఏడుస్తూనే కడుపునిండా తింది.