గాజులు తీయమన్న డాక్టరు

జొన్నరొట్టె తడుతుంటే రవికె కుడివైపు తడిసింది. పాలు కావు. నా చిన్నకొడుకు పాలు మాని ఎన్నో ఏళ్లయింది, వాడిప్పుడు వాళ్ల నాయనతో సమానంగా గొర్రు తోలుతున్నాడు. రొట్టెను పెనం మీద వదిలేసి, గోడ వైపు తిరిగి, కొంగు చాటున చూసుకున్నాను. చనుమొన చుట్టూ తోలు ఎర్రగా పొక్కి పొట్టు లేచింది. ఆ పొట్టు కింద చెమ్మ. నొప్పి లేదు. దురద మాత్రం ఉంది.

"రొట్టె మాడుతాంది. యాడుంది నీ ధ్యాస?" పంచలోంచి మా అత్త రామేశ్వరమ్మ అరిచింది. ఆమెకు కళ్లు మసకబారాయి గానీ ముక్కు మాత్రం మహా చురుకు.

రొట్టె తిప్పాను. ఆ రోజు పత్తి తీసే కూలీలున్నారు, రొట్టెలు దొంతర్లుగా కావాలి. మధ్యాహ్నం మా ఇంటాయన అన్నానికి కూర్చున్నప్పుడు, పప్పు వడ్డిస్తూ, నెమ్మదిగా చెప్పాను. ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అన్నం తినేటప్పుడా ఈ మాటలు?"

"మరెప్పుడు చెప్పేది? నువ్వు ఇంట్లో ఉండేదే అన్నానికి."

ఆయన తలెత్తలేదు. "నంద్యాలకు పోయినప్పుడు డాక్టర్ని అడిగొస్తాలే" అన్నాడు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు అది. ఆళ్లగడ్డలో మాకు భూమి ఉంది, రెండు జతల ఎద్దులున్నాయి, పేరుంది. మా ఇంట్లో ఆడవాళ్లు ఆసుపత్రికి పోవడమనేది లేదు. ఎవరికి ఏ జబ్బు చేసినా మగవాడు నంద్యాల పోయి, డాక్టరుతో చెప్పి, మందు తెస్తాడు. మా అత్తకు కీళ్లనొప్పులైనా అంతే, నా పురుళ్ల తర్వాత వచ్చిన జ్వరాలైనా అంతే. అది మర్యాద. నాకూ అప్పుడు అది మర్యాదగానే తోచేది.

ఆయన పత్తి అమ్మి, సీసా మూతంత డబ్బాలో తెల్లటి పూతమందు తెచ్చాడు.

"తామరంట. పూటపూటకూ పూయమన్నాడు. ఆ పక్క గాజులు తీసేయమన్నాడు."

"గాజులా?"

"ఒరుసుకుంటే పుండు పెద్దదైతాదంట."

"గాజులు యాడ ఒరుసుకుంటాయి?"

"నేనేమన్నా డాక్టరు చదివినానా? ఆయన చెప్పింది చెప్పినా."

ఇది విని మా అత్త పంచలోంచి లేచి వచ్చింది. "మొగుడు గుండ్రాయి మాదిరి ఎదురుగా ఉండంగా గాజులు తీసేదేందే? ఏం చదువు చదివినాడు ఆ డాక్టరు?" చివరికి కుడిచేతి గాజులు తీసి, మణికట్టుకు పసుపుదారం కట్టింది. వీధిలో ఆడవాళ్లంతా ఆ దారాన్ని చూసి, నన్ను చూసి, మా ఆయన ఆరోగ్యం అడిగారు.

రెండోసారి డబ్బాతో పాటు ఇంకో మాట తెచ్చాడు. "పేడనీళ్లలో చెయ్యి పెట్టొద్దంట."

"బాగుంది!" అంది మా అత్త. "మంచం మీద కూర్చోబెట్టి ఇసనకర్రతో ఇసరమనలేదా?"

కసువు ఊడ్చి కల్లాపి చల్లడం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ మరుసటిసారి, మోచెయ్యి మడిచి పండుకోవద్దన్న మాట తెచ్చాడు. నేను చెయ్యి చాపి పడుకున్నాను. అలా పడుకుని ఆలోచించేదాన్ని. మణికట్టు నుంచి రొమ్ము దాకా ఏదో నరం ఉండి ఉండాలి. పేడలోని విషం గోళ్లలోంచి ఎక్కి, ఆ నరం పట్టుకుని పైకి పోతుందేమో. గాజుల వేడి కూడా అట్లే పోతుందేమో. చదువుకున్నవాడు ఊరికే చెప్పడు కదా! కొన్నాళ్లకు నాకు మణికట్టు దగ్గర నిజంగానే ఏదో లాగుతున్నట్టు అనిపించడం మొదలైంది. అద్దం ముందు నిలబడి ఒక చేత్తో ఇంకో చేతిని తడుముకునేదాన్ని. నా ఒంటి దారులు నాకే తెలియవు, నంద్యాలలో ఎవరో నన్ను చూడకుండానే వాటిని చదివేస్తున్నారు. భయం వేసేది. దానికంటే ఎక్కువగా గౌరవం కలిగేది.

పుండు మాత్రం ఎవరి మాటా వినలేదు. మందు పూస్తే మండింది. పొట్టు రాలి, మళ్లీ లేచి, అణా బిళ్లంత ఉన్నది అరచేతిలో సగమైంది. చనుమొన లోపలికి లాక్కుపోయింది.

అప్పుడు మా అత్తకు అది సర్పి, పాము చుట్టుకున్నట్టు పాకే పుండు, అని తోచింది. కుమ్మరి ఆదెమ్మను పిలిపించింది. ఆదెమ్మ ఎర్రమన్ను నీళ్లలో నూరి, వేలితో నా రొమ్ము మీద పాము తల, తోక గీసి, ఏదో గొణిగి, "అదే రాలిపోవల్ల. నీళ్లు తగిలితే పాముకు కోపమొస్తాది" అంది. ఒకరు గాజులన్నారు, ఒకరు పామన్నారు. నేను పసుపుదారం కట్టుకుని, ఎర్రమన్ను పూసుకుని, రొట్టెలు కాల్చాను. ఏది జబ్బో, ఏది వైద్యమో తెలియకుండా పోయింది.

చివరి పత్తి బేళ్లు నంద్యాలకు పోయే రోజున నేనూ చీర మార్చుకుని గడప దగ్గర నిలబడ్డాను.

"నువ్వెందుకు?" అన్నాడు ఆయన.

"డాక్టరు ఒకసారి కండ్లతో చూస్తే ఏమన్నా తెలుస్తాదేమో."

"మొగ డాక్టరు ముందరనా?"

"చూడకుండానే గాజులు తీపిచ్చినాడు. చూస్తే ఇంకేం తీపిస్తాడో అదీ చూస్తాం పా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బస్సులో శిరివెళ్ల దాటేదాకా కండువాతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. పాపం, నా మీద ఎంత బెంగ పెట్టుకున్నాడో అనుకున్నాను. నంద్యాలలో దిగాక కూడా, "డాక్టరు ఊళ్లో ఉన్నాడో లేడో, ముందు నేను పోయి చూసొస్తా, నువ్వు ఈడ్నే కూర్చో" అన్నాడు. నేను వెంట నడిచాను.

డాక్టరు గదికి ఒక పరదా అడ్డం. పరదా అవతల బల్ల మీద రైతులు, దగ్గులు, బీడీ వాసన. డాక్టరు పెద్దమనిషి, నవ్వుమొహం. మమ్మల్ని చూసి సంతోషించాడు.

"ఏం మద్దిలేటీ, ఈమేనా? రామ్మా, కూర్చో. ఏదీ, చెయ్యి చూపించు."

నాడి చూస్తాడనుకుని చెయ్యిచ్చాను. ఆయన నాడి పట్టుకోలేదు. పసుపుదారం పక్కకు జరిపి మణికట్టు చూశాడు. అరచెయ్యి తిప్పాడు. మోచెయ్యి మడత దగ్గర వేలితో రుద్దాడు. ఎడమచెయ్యి కూడా అడిగి చూసి, మళ్లీ కుడిచేతికి వచ్చాడు.

"భేష్! మచ్చ కూడా లేదే! ఇంకా మానలేదని పోయిన వారమే కదయ్యా మందు పట్టుకుపోయావు? గాజులు తీస్తే సగం జబ్బు పోతుందని నేను చెప్పలేదూ?"

మా ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నాడు. "మీ చెయ్యి మంచిది డాక్టరుగారూ" అన్నాడు. "ఇంక పోతాం. దా, లే."

నేను లేవలేదు. ముందు పేడనీళ్లు అర్థమయ్యాయి, తర్వాత మోచెయ్యి, చివరికి గాజులు. డాక్టరు ఒక్కటీ తప్పు చెప్పలేదు. అన్నీ సరైన మాటలే, చేతికి. ఇన్నాళ్లూ ఈ గదిలో నా చేతికి వైద్యం జరిగింది. నా రొమ్మును మా ఆయన ఈ గడప దాటించలేక, బయటే వదిలేసి, దాని బదులు నా చెయ్యిని లోపలికి తీసుకొచ్చాడు. నేనేమో ఇంట్లో లేని నరాన్ని వెతుక్కున్నాను. పోయిన ఏడు మా ఎడమ పక్క ఎద్దు కుంటితే ఈయనే పశువుల డాక్టరును బండి కట్టి తీసుకొచ్చాడు. చూడకుండా మందివ్వనన్నాడు ఆ డాక్టరు. ఎద్దు యాడ కుంటుతోందో, ఎప్పటి నుంచి కుంటుతోందో వేలు పెట్టి చూపించింది ఈయనే. ఎద్దు ఒంట్లో చెప్పుకోలేని చోటు ఒక్కటీ లేదు. కోపం రావాలి కదా, రాలేదు. నాకే ఏదో తప్పుగా వినబడిందేమోనని ఆయన మొహం చూశాను. ఆయన ఇంకా క్యాలెండరు చూస్తూనే ఉన్నాడు.

"డాక్టరయ్యా" అన్నాను. "నా చేతికి ఎప్పుడూ ఏమీ కాలేదు."

"మరి?"

"ఇంటికాడ మాట్లాడుకుందాం పా" అన్నాడు మా ఆయన, నా భుజం దగ్గర వంగి.

"రొమ్ముకు" అన్నాను.

పరదా అవతల దగ్గు ఆగిపోయింది. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. ఎప్పటి నుంచి అని అడిగాడు. చెప్పాను. నీరు కారుతోందా, మొన లోపలికి పోయిందా అని అడిగాడు. అవునన్నాను. ఆయన నన్నొదిలి మా ఆయన వైపు చూశాడు.

"మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉన్నారు. నేరుగా అక్కడికి వెళ్లండి. ఇప్పుడే."

బజార్లోకి రాగానే మా ఆయన గొంతు తగ్గించి విరుచుకుపడ్డాడు. "అంతమందిలో ఆ మాట అంటావా? రేపు వాళ్ల మొహం నేను చూడొద్దా?"

"చెయ్యి అని ఎందుకు చెప్పినావ్?"

"ఏమని చెప్పాల? పరదా ఇవతల నిలబడి, నా పెండ్లాం రొమ్ము అని చెప్పాల్నా? తోలు యాడైనా తోలే కదా అనుకుంటి. ఒక చోట మాన్పే మందు ఇంకో చోట మాన్పదా?"

నిజంగానే అలా నమ్మాడు. అదే నాకు ఎటూ పాలుపోకుండా చేసింది. మోసం చేశాడనుకుంటే తేలికగా ఉండేది.

మిషను ఆసుపత్రిలో ఆయన్ను వరండాలోనే ఆపేశారు. నర్సు హన్నమ్మ నన్ను లోపలికి తీసుకుపోయి రవికె విప్పమంది. ఎర్రమన్ను చూసి, "ఇదేంది తల్లీ, గోడకు జాజు పూసినట్టు పూసినారు?" అంది.

"కడిగితే పాముకు కోపమొస్తాదంట."

"వస్తే నన్ను కరవమను" అని తడిగుడ్డతో తుడిచేసింది. చల్లగా తగిలింది. పెళ్లయ్యాక అక్కడ వెలుతురులో ఇంకో మనిషి చూడడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు.

డాక్టరమ్మ కిటికీ తెర తీసి చూసింది. రెండు వైపులా పోల్చి చూసింది. చంకలో వేళ్లు పెట్టి చాలాసేపు వెతికింది.

"ఏమన్నా తగులుతాందా అమ్మా?"

"ఒకటి తగిలినట్టుంది. కచ్చితంగా చెప్పలేను."

"తామరేనా?"

"తామరే కావచ్చు. రాచపుండు కూడా పైకి తామరలాగే కనబడుతుంది ఒక్కోసారి. ఒకవైపే ఉంది, మొన లోపలికి పోయింది, అందుకే నాకు భయం. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ ఎవరూ చెప్పలేరు. ఇక్కడ కాదు, కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యం చేయొద్దు."

"ఆ పూతమందు వల్ల ఇట్లయిందా?"

"మందు ఏమీ చేయలేదు. కాలం పోయింది, అంతే."

రాచపుండు అంటే మా ఊళ్లో చావుకు ఇంకో పేరు. అయినా అదేనని ఆమె అనలేదు. కాదనీ అనలేదు. రవికె ముడి వేసుకున్నాను. భయం, దాని పక్కనే ఒక వింత తెరపి. తెలియదు అని నాతో చెప్పిన మొదటి మనిషి ఈమె. ఇంతవరకూ అందరికీ తెలుసు.

వరండాలో మా ఆయన లేచి నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కర్నూలు బస్సు ఆగే చోటు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆయన ఆగి అన్నాడు.

"అమ్మతో ఒక మాట చెప్పల్ల. కూలీలకు లెక్క చూడల్ల. ఒక పని చేస్తా. నువ్వు ఆళ్లగడ్డకు పో. ముందు నేను కర్నూలుకు పోయి, ఆడ డాక్టర్లతో మాట్లాడి, అంతా కనుక్కొనొస్తా."

ప్రేమగానే అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఏం ఎత్తుకొని పోతావ్?" అన్నాను.

"ఏందీ?"

"ఆడ డాక్టర్లకు ఏం చూపిస్తావని అడుగుతాండా."

అప్పటికే కర్నూలు బస్సు హారను కొడుతోంది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పాణ్యం దాకా ఒక్కదాన్నే ఎప్పుడూ పోలేదు, కర్నూలు సంగతి చెప్పేదేముంది? అక్కడ ఎవరిని అడగాలో, ఆసుపత్రి ఏ వీధిలో ఉందో, ముక్క తీస్తే ఎంత నొప్పో, ఆ తర్వాత నేను ఎవరినో, ఏదీ తెలియదు. ఆయన కింద నిలబడి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

కండక్టరు వచ్చి, నా తల మీదుగా ఆయన్ను పలకరించాడు. "అన్నా, మీ ఆడమనిషి యాడికి? ఎన్ని టికెట్లు కొట్టల్ల?"

మా ఆయన జవాబు చెప్పబోయాడు. నేను నడుములో దోపుకున్న సంచి తీసి, చిల్లర కండక్టరు చేతిలో పెట్టాను.

"కర్నూలుకు, నాకు ఒకటి. ఆయన సంగతి ఆయన్నే అడుగు."