గుంతలో దిమ్మె

డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో వానలు మొహం చాటేశాయి. మియాపూర్‌లో మా చెరువు అడుగంతా నెర్రెలు బారింది. పటేలు బావులు ఎండిపోయాయి కనుక ఆయన పొలాల్లో మాకు పని లేదు. అప్పుడు సర్కారు చెరువులో పూడిక తీయమన్నది. కూలి కింద బియ్యం ఇస్తామన్నది.

ఇంటికొక గుంత. ఎంత లోతు తవ్వితే అన్ని బియ్యం. గుంత నడుమ కొంత నేలను తవ్వకుండా దిమ్మెలాగా వదిలిపెట్టాలి. దాని నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండాలి. కొలతల సారు వచ్చి ఆ నెత్తి నుంచి గుంత అడుగు దాకా టేపు పెట్టి లోతు రాసుకుంటాడు. దిమ్మె లేకుంటే కొలత లేదు. కొలత లేకుంటే బియ్యం లేవు. మొదటి రోజే మేస్త్రీ సాయిలు ఈ సంగతి అందరికీ చెప్పాడు. మా అక్క పోచమ్మ కూడా విన్నది.

అక్కకు మొగుడు లేడు. కొడుకు ఐలయ్య, కోడలు చంద్రమ్మ. చంద్రమ్మ అప్పుడు పచ్చి బాలింత. గంజి తాగి బతుకుతున్నది, పాలు పడటం లేదు. అంతకు ముందటేడు ఆమె తొలిచూలు పిల్లగాడు పాలు తాగే వయసులోనే పోయాడు. కట్ట కింద తుమ్మల్లో బొంద తీసి పూడ్చాము. పైన మట్టి దిబ్బగా పోసి తట్టింది అక్కే. ఈసారి ఆడపిల్ల. ఈ పిల్లనైనా దక్కించుకోవాలంటే తల్లికి బువ్వ కావాలి. బువ్వ కావాలంటే ఆ గుంత తవ్వాలి. తట్ట మోయడానికి ఇంకో మనిషి లేక చంద్రమ్మ కూడా పిల్లను ఎత్తుకుని పనికి వచ్చింది.

వచ్చింది కానీ గుంత ఒడ్డున ఆగిపోయింది. లోపలికి దిగలేదు. దిమ్మెను చూస్తూ నిలబడింది. అక్క కోడలి మొహం చూసింది, దిమ్మెను చూసింది. ఐలయ్య చేతిలోని పార తీసుకుంది.

"పసిపిల్ల ముందట గీ బొందేంది" అన్నది.

సారు వచ్చేదాకా జర ఆగమన్నాను. మా గుంత పక్కనే ఉంది, రెండూ కలిసే తవ్వుకుంటూ వచ్చాము.

"నీ గుంతల ఉన్నది గద తమ్మీ. రెండూ ఒక్క లోతే. కండ్లున్నోడు సూడడా?"

దిమ్మెను తవ్వి తట్టలకెత్తింది. అప్పుడు చంద్రమ్మ దిగింది.

కొలతల సారు భీమేశ్వరరావు కోస్తా మనిషి. గొడుగు వేసుకుని వచ్చాడు. మాట మెత్తన. నా గుంత కొలిచాడు. అక్క గుంత దగ్గర ఆగి దిమ్మె ఏదని అడిగాడు. అక్క అంతా చెప్పింది, పోయిన పిల్లగాడి సంగతి మొదలుకొని. ఆయన నిలబడి చివరిదాకా విన్నాడు. ఆఫీసు మనుషులెవరూ మా మాట అట్లా వినలేదు. విని టేపు చుట్టేశాడు.

"మీరు తవ్వలేదని నేననడం లేదమ్మా. రేపు పైవాళ్లు తనిఖీకి వస్తే ఏం చూపించమంటారు చెప్పండి?"

మేము చూశామని అందరం చెప్పాము. అవతలి గుంత బుచ్చమ్మ అయితే తన పిల్లల మీద ఒట్టు వేసింది. సారు తల అడ్డంగా ఊపాడు.

"అంటే సారూ, మా నోటి మాట కన్న గడ్డిపెల్ల మాటనే నిజమన్నట్టు" అన్నది బుచ్చమ్మ.

"రూలు అలా ఉందండి" అన్నాడు. ఆయనకు కూడా కొంచెం నవ్వు వచ్చింది.

అక్కడి నుంచి పటేలు వెంకటనారాయణ గుంతల వైపు పోయాడు. అవి పటేలు జీతగాళ్లు తవ్వినవి. లోతు మా మోకాళ్లకు రాదు. దిమ్మెలు మాత్రం నడుము దాకా ఉన్నాయి. నెత్తిన పెట్టిన గడ్డి అప్పుడే వాడిపోతున్నది. సారు వాటన్నిటికీ టేపు పెట్టాడు. పటేలు మనిషి చాయ్ తెచ్చి ఇస్తే తాగాడు.

పొద్దు వాలుతుండగా సాయిలు అక్క ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. గుంతలో కొత్తగా దిమ్మె పోయండి, నెత్తిన గడ్డి పెట్టండి, రేపు సారును తోలుకొస్తా అన్నాడు. వచ్చిన బియ్యంలో సగం తనకూ సారుకూ ఇవ్వాలట.

"మేం తవ్విన గుంతకు మేమే దొంగలం గావాల్నా?" అన్నాడు ఐలయ్య.

"అయితెనే బియ్యం బామ్మర్దీ. దొరతనం జేస్తనంటె నీ ఇష్టం."

ఐలయ్య లేచాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. లోపల పిల్ల ఏడుపు వినిపించడం లేదు. పొద్దున గట్టిగా ఏడ్చింది, మధ్యాహ్నం సన్నగా ఏడ్చింది. ఇప్పుడు అది కూడా లేదు. అక్క లోపలికి పోయి పిల్లను చూసి వచ్చింది.

"సగమన్న ఇయ్యమను" అన్నది.

వెలుతురు ఉండగానే నేనూ ఐలయ్యా మట్టి పోశాము. ఎండిన మట్టి, నిలబడలేదు. తాగడానికి తెచ్చుకున్న కుండలో నీళ్లు చల్లాము. అయినా జారింది. అక్క మమ్మల్ని పక్కకు జరగమని తానే కూర్చుని తట్టింది. నిలిచింది.

మర్నాడు సారు వచ్చి దాని నెత్తిన చెయ్యి పెట్టాడు. చేతికి తడి మట్టి అంటింది. రుమాలుతో తుడుచుకుని కొలత చెప్పాడు. నా గుంత కన్నా తక్కువే చెప్పాడు. బియ్యం ఇచ్చే చోట సగం సాయిలు సంచిలోకి పోయాయి. అన్నీ ముట్టినట్టు అక్క వేలిముద్ర వేసింది. ఆ పూట చంద్రమ్మ కడుపునిండా తిన్నది.

వారం తిరిగాక కొత్త గుంతలు ఇచ్చారు. దిమ్మె పెద్దగా వదలమని అక్క కొడుకుకు చెప్పింది. మధ్యాహ్నానికి ఎండ దంచుతున్నది. ఎండిన చెరువులో చెట్టూ లేదు చేమా లేదు. చంద్రమ్మ పిల్లను ఎక్కడ పెట్టాలో తెలియక ఎత్తుకుని నిలబడింది.

"ఆడ్నే పండవెట్టు. నీడుంటది" అన్నది అక్క.

చంద్రమ్మ అత్త మొహం వైపు చూసింది. తర్వాత దిమ్మె పక్కన గుడ్డ పరిచి పిల్లను పడుకోబెట్టింది. ఎండ తిరిగినప్పుడల్లా తట్ట దించి వచ్చి, పిల్లను నీడ వైపుకు జరుపుకుంది. పని ఆపుతున్నదని సాయిలు కట్ట మీద నుంచి తిట్టాడు.